ఆ ఫోను మీ దగ్గర్నుంచేనా అని అడిగాడు

2023 వానాకాలం. రాజాంలో ముప్పై పడకల ప్రైవేటు ఆసుపత్రి ఒకటి. అందులో రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో నాకది పధ్నాలుగో ఏడు. ఆసుపత్రిలోకి వచ్చినవాళ్ళు ముందు చూసేది డాక్టర్ని కాదు, మమ్మల్ని. పేరు, ఊరు, వయసు, ఫోన్ నంబరు అడిగి, ఆధార్ జిరాక్సు తీసుకుని, కంప్యూటర్లో ఎక్కించి ఒక నంబరు ఇస్తాం. దాన్ని యూహెచ్‌ఐడి అంటాం. ఒకసారి ఇచ్చామంటే ఆ మనిషికి జీవితాంతం అదే. ఏ రక్తపరీక్ష చేసినా, ఏ మందు రాసినా, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో డాక్టరు అడిగి రాసుకున్నా అన్నీ ఆ నంబరు కిందే చేరతాయి. పాత పేషెంట్లు చీటీ తేవడం మర్చిపోయినా మొహం చూసి నంబరు చెప్పేదాన్ని. ఆ సంగతి నలుగురూ చెప్పుకుంటే గర్వంగా ఉండేది.

కౌంటర్లో మేం ముగ్గురం. ముగ్గురికీ కలిపి పాస్‌వర్డ్ ఒక్కటే. కీబోర్డు అడుగున కాగితం మీద రాసి అంటించి ఉంచాం. అందులో తప్పుందని ఎవరూ అనలేదు, మేమూ అనుకోలేదు.

ఒక సోమవారం పొద్దున ఓపీ కిటకిటలాడుతోంది. జ్వరాల కాలం. కౌంటరు ముందు నలభైమంది దాకా ఉన్నారు. అప్పుడు ల్యాండ్‌లైన్ మోగింది. అవతలి మనిషి మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి, ఆ కంపెనీ నుంచే మాట్లాడుతున్నానన్నాడు. ఈ రోజు అప్‌డేట్ వేసుకోకపోతే మధ్యాహ్నం నుంచి బిల్లులు రావన్నాడు. ఒక యాప్ పేరు చెప్పి కంప్యూటర్లో దించుకోమన్నాడు. దూరంగా ఉన్నవాళ్ళు మన కంప్యూటర్ని తమ చేతిలోకి తీసుకునే యాప్ అది. దించాను. నా సెల్‌ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. అడిగాడు, చెప్పాను. తర్వాత తెరమీద బాణం గుర్తు దానంతటదే కదలడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలపాటు అది అలా తిరుగుతుంటే, నేను పక్కనే కూర్చుని ఓపీ చీటీలు చేత్తో రాసి ఇచ్చాను. పని దానంతటదే అయిపోతోంది కదా అని సంతోషించాను కూడా.

మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు వేరే పనిమీద ఫోన్ చేశాడు. మాటల్లో అప్‌డేట్ సంగతి చెప్పాను. వాళ్ళ దగ్గర్నుంచి ఎవరూ చేయలేదన్నాడు. సాయంత్రానికి వచ్చి చూసి తేల్చాడు. పేషెంట్ల జాబితా మొత్తం ఎవరో బయటికి పంపేసుకున్నారు. పేర్లు, ఫోన్లు, ఆధార్ కాపీలు, జబ్బులు, మందులు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ పోయాయి.

పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రి ఆయనదే. చెడ్డమనిషి కాదు. ఆసుపత్రి పేరు పోతే మళ్ళీ రాదని, పాస్‌వర్డులు మార్చించి ఏం జరుగుతుందో చూద్దామని, అప్పటిదాకా బయట ఎవరికీ చెప్పవద్దని అన్నారు. ఆయన చెప్పారు కాబట్టి ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, ఆ మాట వినగానే నాకు ఊపిరి వచ్చినట్టయింది. నా తప్పు ఆయన ఆజ్ఞ వెనక దాక్కుంది.

పన్నెండు రోజులకు అప్పలసూరి ఫోన్ చేశాడు.

అప్పలసూరి రైతు. యాభై నాలుగేళ్ళు. రాజాం నుంచి గజపతినగరం వైపు వెళ్ళే దారిలో లోపలి ఊరు. మూడేళ్ళుగా కిడ్నీ జబ్బుకు మా దగ్గర చూపించుకుంటున్నాడు. విశాఖ నుంచి కిడ్నీ డాక్టరుగారు నెలకొకసారి వచ్చేవారు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చి బెంచీ మీద కూర్చునేది అప్పలసూరే. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటి చూస్తారు. కిడ్నీలు కడిగి పారెయ్యాల్సిన మలినం అది. ఆ అంకె పెరుగుతోందంటే కిడ్నీల పని తగ్గుతోందని అర్థం. ఒకటి చుట్టూ ఉండాల్సింది, అప్పలసూరిది మూడు పాయింట్ తొమ్మిది. ఉప్పు మానేశాడు, చుట్ట మానేశాడు, బిళ్ళ ఒక్కటి తప్పకుండా వేసుకునేవాడు. ఎందుకంటే అతని బావమరిది ఉద్దానంలో డయాలసిస్ మీద మూడేళ్ళు ఉండి చనిపోయాడు. ఆ సూదులు, ఆ తిరుగుడు కళ్ళారా చూసినవాడు. తనకా గతి రాకూడదన్నదే అతని భయం.

ఫోన్లో అతను అన్న మాటలు నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"తల్లీ, నాను అప్పలసూరిని. ఒక మాట అడుగుతాను, సెప్పు. నిన్న నాకు ఫోనొచ్చింది. మీ ఆస్పత్రి కిడ్నీ సెక్షన్ అన్నాడు. నాది మూడు పాయింటు తొమ్మిది అని ఆడే సెప్పినాడు. నాను ఏసుకునే బిళ్ళల పేర్లన్నీ సెప్పినాడు. అయ్యన్నీ ఆపీ, కొత్త పొడి పంపుతన్నాం, దాంతో డయాలసిస్ మాటే ఉండదు అన్నాడు. ఆ ఫోను మీ దగ్గర్నుంచేనా?"

నాకు అర్థమైంది. కాదు బాబాయ్, అది దొంగ ఫోను, మీ కాగితాలు మా దగ్గర్నుంచి పోయాయి, ఒక్క బిళ్ళ కూడా ఆపకండి. ఇంతే చెప్పాలి. పక్కన ఇద్దరు అమ్మాయిలున్నారు, ఎదురుగా జనం ఉన్నారు, పెద్ద డాక్టరుగారి గది తలుపు తీసి ఉంది.

"చాలా సెక్షన్లున్నాయి బాబాయ్. ఎవరైనా చేశారేమో. డాక్టరుగారు వచ్చినప్పుడు ఒకసారి అడగండి," అన్నాను.

"ఆడికి నా జాతకమంతా తెలుసు తల్లీ. మీ దగ్గర కాకపోతే మరెక్కడున్నాది అది?" అన్నాడు. నేను మాట్లాడలేదు. సరేలే అని పెట్టేశాడు.

కిడ్నీ డాక్టరుగారు రావడానికి ఇంకా రెండు వారాలకు పైగా ఉంది. ఆయన వచ్చిన రోజు జాబితాలో అప్పలసూరి పేరుంది. మనిషి రాలేదు. మూడేళ్ళలో అతను రాకపోవడం అదే మొదటిసారి. సాయంత్రం జాబితా ముందు పెట్టుకుని, ఫోన్ చెయ్యాలా వద్దా అని చాలాసేపు చూశాను. చెయ్యలేదు. నాట్లు పడుతున్నాయి, తీరిక లేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మరో పదిహేను రోజులకు అతన్ని ఆటోలో తెచ్చారు. మొహం, కాళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడక, ముందుకు వంగి కూర్చున్నాడు. క్యాజువాలిటీలో రక్తం తీశారు. మూడు పాయింట్ తొమ్మిది కాస్తా పదికి దగ్గరైంది. పొటాషియం కూడా బాగా పెరిగింది, గుండె ఎప్పుడైనా ఆగొచ్చని డ్యూటీ డాక్టరు అన్నారు. వెంటనే విశాఖ పంపడానికి అంబులెన్స్ పిలిచారు. ఆ కాగితాలు రాయాల్సింది కౌంటర్లో నేనే.

అతని భార్య తవుడమ్మ నా ముందు నిలబడింది. చేతిలో గుడ్డసంచి. అందులోంచి గోధుమరంగు పొడి పొట్లాలు తీసి కౌంటరు మీద పెట్టింది. డాక్టర్లకు చూపించాలని తెచ్చానంది. అతను పాత బిళ్ళలన్నీ ఆపేసి దాదాపు నెలగా ఈ పొడే తాగుతున్నాడని చెప్పింది.

"ఊరికే తాగలేదమ్మా. కౌంటర్లో అమ్మాయికి ఫోన్ సేసి అడిగినాకే తాగినాడు. మనోలే పంపినారు అని సెప్పినాడు నాకు," అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నువ్వేనేటి ఆ అమ్మాయివి?"

"ఇక్కడ చాలామందిమి ఉంటామమ్మా," అన్నాను. అని, ఆమె ఫోన్ నంబరు చెప్పమన్నాను. అది తెరమీద కనబడుతూనే ఉంది.

పధ్నాలుగేళ్ళలో నేను చేసిన పొరపాట్లున్నాయి. ఒకరి రిపోర్టు ఇంకొకరికి ఇవ్వడం, పేరు తప్పు రాయడం. అవన్నీ పొరపాట్లే. ఆ యాప్ దించడం కూడా పొరపాటనే అంటారు కొందరు. తవుడమ్మకు చెప్పిన మాట పొరపాటు కాదు.

అంబులెన్స్ వెళ్ళిపోయాక పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. అప్పలసూరి నాకు ఫోన్ చెయ్యడం, నేనేమన్నదీ, ఇప్పుడు తవుడమ్మతో ఏమన్నదీ అన్నీ చెప్పాను. పొట్లాలు బల్లమీద పెట్టాను. అందరికీ ఫోన్ చేసి చెప్పనివ్వండి, మీరు వద్దంటే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని చేస్తాను అన్నాను. ఆయన ఒక పొట్లం విప్పి చూశారు. అతనికి ఏమైనా అయితే ఆ పాపం ముందు తనదే, తర్వాతే నాది అన్నారు. ఆ మరునాడే పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చారు, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన కాగితాలు పంపారు. తలుపు దగ్గర పెద్ద అక్షరాలతో నోటీసు అంటించారు. మా ముగ్గురికీ విడివిడిగా పాస్‌వర్డులు వచ్చాయి. ఆ పనులన్నీ మొదటి రోజే చెయ్యగలిగినవి.

ఫోన్లు చెయ్యడం నా వంతు. కిడ్నీ, షుగరు, గుండె జబ్బుల వాళ్ళతో మొదలుపెట్టాను. మా దగ్గర్నుంచి మీ వివరాలు పోయాయి, తప్పు మాది అని ముందు చెప్పేదాన్ని. ఆ తర్వాత జాగ్రత్తలు. ఎవరైనా ఫోన్ చేసి మీ జబ్బు, మీ అంకెలు సరిగ్గా చెప్పినంత మాత్రాన మావాళ్ళని నమ్మకండి, ఇప్పుడవి దొంగల దగ్గరా ఉన్నాయి. ఆ ఫోను పెట్టేసి, మీ పాత చీటీ మీదున్న నంబరుకు మీరే చెయ్యండి. ఫోన్లో ఎవరు చెప్పినా మందు ఆపకండి, కొత్తది మొదలుపెట్టకండి. ఓటీపీ ఆసుపత్రి పేరు చెప్పి అడిగినా ఇవ్వకండి. మీ ఆరోగ్య కార్డు మీద మీకు తెలియని వైద్యం ఏదైనా ఎక్కిందేమో అడిగి చూసుకోండి. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరుకు మెసేజీలు వస్తున్నాయో లేదో చూసుకోండి. ఉన్నట్టుండి సిగ్నల్ పోయి చాలాసేపు రాకపోతే మీ నంబరు మీద ఇంకెవరైనా సిమ్ము తీసుకున్నారేమో కనుక్కోండి.

ఆధార్‌కి వేలిముద్ర తాళం వేసుకోమని కూడా చెప్పాను. వేస్తే మన వేలిముద్రతో ఇంకెవరూ ఏ పనీ జరిపించుకోలేరు. దానిలోనూ తొందరపడ్డాను. శ్రీకూర్మం నుంచి ఒక ముసలమ్మ ఫోన్ చేసి తిట్టింది. నా మాట విని మనవరాలు తాళం వేసిందట, రేషను దగ్గర వేలు పెడితే మిషను తీసుకోలేదట. వేలిముద్రతో రేషను, పింఛను తీసుకునేవాళ్ళు ముందు ఆ తాళం తెరిచి వెళ్ళాలని నాకప్పటిదాకా తట్టలేదు. అప్పటికే చెప్పినవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చేశాను.

కొందరు తిట్టారు. కొందరు పోనీలెమ్మని అన్నారు. ఆ పోనీలెమ్మనడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. దాదాపు అందరూ ఒకటే అడిగారు, ఇది ఎప్పుడు జరిగింది అని. రెండు నెలలు కావస్తోందని చెప్పాల్సి వచ్చేది.

అప్పలసూరి బతికాడు. విశాఖలో పద్దెనిమిది రోజులు ఉంచారు. కిడ్నీలు మాత్రం వెనక్కి రాలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. జబ్బు ఎలాగూ ముదురుతోంది, ఏదో ఒకనాటికి ఇది తప్పేది కాదని కిడ్నీ డాక్టరుగారు నాతో అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. ఆ ఒకనాడు ఎన్నేళ్ళ తర్వాత వచ్చేదో అని అడిగాను.

ఇంటికి వచ్చాడని తెలిసి ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. అరుగుమీద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. మెడ దగ్గర డయాలసిస్ గొట్టానికి వేసిన కట్టు కనబడుతోంది. తవుడమ్మ గుమ్మంలో నిలబడింది. నేను కూర్చోలేదు. ఆ రోజు ఫోన్లో మాట్లాడింది నేనేనని, అది దొంగ ఫోనని నాకప్పుడే తెలుసునని, కంప్యూటర్లోకి వాళ్ళను రానిచ్చిందీ నేనేనని చెప్పాను. తవుడమ్మ వైపు తిరిగి, ఆ రోజు నువ్వేనా అని అడిగితే అబద్ధమాడానని చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అప్పలసూరి వీధివైపు తిరిగాడు.

"నువ్వు ఔననలేదు తల్లీ. ఔనన్నావని నాను అనకూడదు," అన్నాడు. "కాదనీ అనలేదు. కాదంటే ఆ పొడి ఆపీసుందును."

ఇంతకీ ఆళ్ళ దగ్గర తనవి ఏటేటి ఉన్నాయని అడిగాడు. పేరు, ఫోను, ఆధారు, జబ్బు, మందులు అని ఒక్కొక్కటే చెప్పాను. ఇంట్లోవాళ్ళ వివరాలు కూడానని చెప్పేసరికి అతను తల తిప్పాడు.

"మా గౌరి రగతం పరీక్ష కూడా ఉన్నాదా అందులో?"

గౌరి అతని కూతురు. రాజాంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. తండ్రికీ మేనమామకూ కిడ్నీ జబ్బు కాబట్టి ఆమెకూ ఒకసారి పరీక్ష చెయ్యమని కిడ్నీ డాక్టరుగారు అంతకు ముందు ఏడు రాశారు. ఉంది బాబాయ్ అన్నాను.

అతను గౌరిని పిలిచాడు. ఆమె పెరట్లోంచి వచ్చి నిలబడింది. నీకేమైనా ఫోనొచ్చిందా అని తండ్రి అడిగితే లేదంది. లేదంటున్నప్పుడు ఆమె కళ్ళు ఎటు తిరిగాయో చూశాను. అలా మాట దాటించడం ఆ రెండు నెలల్లో నాకు బాగా అలవాటైంది. నేను తిరిగి వెళ్తుంటే వీధి మలుపు దాకా వచ్చింది. అక్కడ అడిగాను. అప్పుడు చెప్పింది.

ఫోను నెలన్నర క్రితమే వచ్చిందట. మీ నాన్నకున్నదే మీకూ మొదలైంది, రిపోర్టులో పడింది, ఆసుపత్రివాళ్ళు మీకు చెప్పలేదు అన్నారట. పొడి కొనమన్నారట. కొనలేదు.

"నాన్న అలగున్నప్పుడు నాకూ వచ్చిందని ఇంట్లో ఎలా సెప్పగలను మేడం?" అంది. "రాత్రిళ్ళు కాళ్ళు నొక్కి సూసుకుంతన్నాను, ఉబ్బినాయేమోనని."

ఆమె రిపోర్టు నాకు గుర్తుంది. అందులో ఏ తేడా లేదు. అక్కడే చెప్పాను. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఫోన్లోవాడూ ఆసుపత్రే అన్నాడు, నేనూ ఆసుపత్రే. మర్నాడు రమ్మన్నాను. పాత రిపోర్టు ముద్రించి చేతికిచ్చాను, మళ్ళీ రక్తం తీయించాను, విశాఖలో ఉన్న కిడ్నీ డాక్టరుగారికి చూపించి వీడియో కాల్‌లో ఆమెతో మాట్లాడించాను. అంతా బాగుందమ్మా, నీకు ఏ జబ్బూ లేదు అని ఆయన అన్నాక, గౌరి కౌంటరు పక్కన బెంచీ మీద కూర్చుని కాగితాన్ని నాలుగుసార్లు చదువుకుంది. నన్ను చూసి దణ్ణం పెట్టబోయింది. వద్దన్నాను. ఆ నెలన్నర భయం ఆమెకు పెట్టింది నేనే.

ఫోన్ చేసినవాళ్ళు దొరకలేదు. ఏదో దూర రాష్ట్రంలో సిమ్ములు అన్నారు పోలీసులు.

ఇప్పటికీ అదే కౌంటర్లో ఉన్నాను. కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పేటప్పుడు ఈ కథ నా పేరుతోనే చెబుతాను. ఎవరికో జరిగిందని చెబితే వాళ్ళు పాస్‌వర్డు సంగతి ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. పాస్‌వర్డు ఎవరైనా పోగొట్టుకోవచ్చు. పోయిందని తెలిసిన గంటలోనే, ఎవరిది పోయిందో వాళ్ళకు చెప్పాలి. మనకు అది సిగ్గు, వాళ్ళకు అది ప్రాణం. పేషెంటు ఫోన్ చేసి ఇది మీరేనా అని అడిగితే, తెలియనప్పుడు కూడా కాదనే చెప్పండి, మేం కనుక్కుని చెప్పేదాకా ఏమీ మింగకండి అనండి అంటాను. మనం నోరు మూసుకుంటే, అటువైపు మనిషి తనకు కావలసిన జవాబు తనే చెప్పుకుంటాడు. చావు భయంలో ఉన్నవాడికి కావలసిన జవాబు ఔననేదే.

అప్పలసూరి ఇప్పుడు డయాలసిస్‌కి విజయనగరం వెళ్తున్నాడు. నెలకొకసారి మా దగ్గరికి పరీక్షలకు వస్తాడు. నన్ను చూసి, ఏమ్మా బాగున్నావా అంటాడు. తవుడమ్మ పక్క కౌంటరు వరసలో నిలబడుతుంది. అది ఎంత పొడుగున్నా, నా ముందు ఎవరూ లేకపోయినా, అక్కడే నిలబడుతుంది. నేను పిలవను.